సగంలో ఆగిన జోస్యం

బాక్సింగ్ జడ్జి అంటే తెల్లచొక్కా మీద నల్ల బో కట్టుకుని, రింగులో ఇద్దరి మధ్యా దూరి విడదీసే మనిషి అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆయన రెఫరీ. పేపర్లో ఫోటో పడితే ఆయనది పడుతుంది. జడ్జి రింగు కింద, తాళ్ళకి దగ్గరగా, చిన్న బల్ల ముందు కూర్చుంటాడు. ఫోటో మూలన ఒక్కోసారి అతని బట్టతల కనిపిస్తుంది. నా జీవితం మొత్తంలో పేపరుకెక్కింది ఆ బట్టతల ఒక్కటే.

జీతం ఇచ్చింది ఎల్‌బీ నగర్‌లో ఒక బడి. అక్కడ నేను డ్రిల్లు మాస్టార్ని. కానీ మీరేం చేసేవారని ఎవరైనా అడిగితే నా నోటికి ముందు వచ్చేది జడ్జి అన్న మాటే. విన్నవాళ్ళు కోర్టు అనుకుని కాస్త సర్దుకుని కూర్చుంటారు. బాక్సింగ్ అనగానే మళ్ళీ జారగిలబడతారు.

ఆ కుర్చీలో కొత్తగా కూర్చోబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నిబంధనల పుస్తకం మీకు ఇస్తారు. పరీక్ష పెడతారు. చొక్కా మీద కుట్టుకోవడానికి బిళ్ళ ఇస్తారు. అవన్నీ నేను చెప్పనక్కర్లేదు. పుస్తకంలో రాయని సంగతి ఒకటుంది. ఇది ఒంటరి పని. హాలంతా అరుస్తుంటే నోరు మెదపకుండా కూర్చోవాలి. ఓడినవాడి మనుషులు మిమ్మల్ని తిడతారు, గెలిచినవాడి మనుషులు మీరున్నారన్న సంగతే మర్చిపోతారు. అది భరించగలం అనుకున్నవాళ్ళే రండి. లేకపోతే కబడ్డీకి వెళ్ళండి, అక్కడ కనీసం విజిల్ ఊదుకోవచ్చు.

డేవిడ్ సార్ రుమాలు

నాకు పని నేర్పినవాడు డేవిడ్ సార్. సికింద్రాబాద్ మనిషి, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. మా పోటీలకు సూపర్‌వైజరు. ఏ బౌట్‌కి (అంటే ఏ జత ఆటకి) ఏ జడ్జి కూర్చోవాలో, ఎవర్ని లేపెయ్యాలో ఆయన ఇష్టం.

ఒకసారి పోటీల మధ్యలో భోజనం వేళ బయట టీ బండి దగ్గర ఒక కోచ్‌తో మాట్లాడుతూ నవ్వాను. ఆ టీలో చక్కెర ఎక్కువైందని అతనేదో అన్నాడు, నేను నవ్వాను, అంతే. తిరిగి లోపలికి వచ్చేసరికి నా కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. ఆ రోజంతా నన్ను గోడవార నిలబెట్టాడు డేవిడ్ సార్.

సాయంత్రం వెళ్ళి అడిగాను. "సార్, మేం చక్కెర గురించి మాట్లాడుకున్నాం."

"నాకు తెలుసు మిస్టర్ మూర్తీ. చూసినవాళ్ళకి చక్కెర వినిపించలేదు కదా. నవ్వు కనిపించింది."

అప్పటినుంచి మాకు ఒక ఆచారం పడింది. ఎవరు ఎవరితో తలపడాలో డ్రా తీసిన క్షణం నుంచి ఆఖరి బౌట్ అయ్యేదాకా కోచ్‌లతో, ఆటగాళ్ళతో, వాళ్ళ ఇళ్ళవాళ్ళతో మాట బంద్. ఎదురుపడితే తల ఊపడం కూడా ఉండదు. మరీ అతి అని అప్పట్లో తిట్టుకున్నాను. ఇప్పుడు కూడా అతే అంటాను, కానీ నన్ను ఆ పదవిలో కూర్చోబెడితే నేనూ అదే చేస్తాను.

ఆయన నేర్పిన రెండోది రుమాలు. అప్పట్లో పెద్ద పోటీలకి మీటల యంత్రం ఉండేది. చేతిలో చిన్న డబ్బా, ఎర్ర మీట ఒకటి, నీలం మీట ఒకటి. ఎర్ర కార్నర్ (రింగులో ఎర్ర రంగు మూల) ఆటగాడి గుద్దు సరిగ్గా తగిలితే ఎర్రది నొక్కాలి. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒకే సెకనులో నొక్కితేనే పాయింటు. నువ్వొక్కడివే చూసిన గుద్దు లెక్కలోకి రాదు. ఎంత మంచి కన్నున్నా పక్కవాళ్ళు రెప్ప వేస్తే నీ కన్ను దండగ. డబ్బా పట్టుకున్న చేతి మీద రుమాలు కప్పుకోమనేవాడు డేవిడ్ సార్. బొటనవేలు ఎటు కదిలిందో వెనక వాళ్ళకి తెలియకూడదు.

ఆయన దేవుడేం కాదు. మధ్యాహ్నం బౌట్లలో కునుకు తీసేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన ప్రతివాడూ మంచి జడ్జి అని ఆయన నమ్మకం. ఇస్త్రీ నలగని ఇద్దరు గుడ్డివాళ్ళని మా నెత్తిన పెట్టి పోయాడు. అయినా రుమాలు సంగతిలో మాత్రం ఆయన మాట నేను దాటలేదు.

బలమా, ఒడుపా

బయటివాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. గుద్దులో బలమున్నవాడు, ఆటలో ఒడుపున్నవాడు ఎదురెదురుగా దిగితే ఎవరు గెలుస్తారు? ఒడుపు అంటే మీకు తెలుసు కదా: దూరం కొలుచుకుని నిలబడటం, తగిలించి తప్పుకోవడం, ఎదుటివాడి గుద్దు గాల్లో పోయేలా చూడటం. సభల్లో, పెళ్ళిళ్ళలో, బార్బర్ షాపులో నన్ను అందరూ అడిగింది ఇదే. చాలామంది బలం అంటారు. కాస్త చదువుకున్నవాళ్ళు ఒడుపు అంటారు. ఇద్దరూ తప్పే. చేతులు చూసి జోస్యం చెప్పకూడదు. కాళ్ళు చూడాలి. బలమైనవాడు ఎదుటివాడి వెంటపడుతున్నాడా, లేక వాడు వెళ్ళబోయే చోటికి ముందే అడ్డం వెళ్తున్నాడా? వెంటపడేవాడు ఆఖరి రౌండుకి రొప్పుతాడు. అడ్డం వెళ్ళేవాడు భయపెడతాడు. ఒడుపున్నవాడి దగ్గర చూడవలసింది గుద్దు తప్పించుకున్న తరువాత ఎక్కడ ఆగుతున్నాడన్నది. తాళ్ళ దగ్గర ఆగితే వాడి ఒడుపు ఎంతోసేపు నిలవదు.

చెవుల్ని అసలు నమ్మకూడదు. మోచేతి మీద పడ్డ గుద్దు హాలంతా మోగుతుంది. కడుపులో దిగిన అసలు గుద్దు తలుపు మెల్లగా వేసినంత చప్పుడు కూడా చెయ్యదు. చప్పుడుకి మీట నొక్కే జడ్జీల వల్ల ఎంతోమంది ఒడుపైన పిల్లలు ఏడుస్తూ ఇంటికి పోవడం చూశాను.

నాకు ఈ విద్య ఒంటరిగా అబ్బలేదు. యాదగిరితో వాదించి నేర్చుకున్నాను.

యాదగిరిది పోచంపల్లి వైపు నేత కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్క గల్లీలో చీరల దుకాణం. వయసులో బాక్సింగ్ ఆడాడు, ముక్కు దాని గుర్తుగా పక్కకి ఒరిగి ఉంటుంది. పొద్దున సరూర్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో పిల్లలకి ఉచితంగా బాక్సింగ్ నేర్పేవాడు, ఆ తరువాత వచ్చి దుకాణం తెరిచేవాడు. నేను గడ్డిఅన్నారంలో కిరాయికి ఉండేవాణ్ణి. పెళ్ళి చేసుకోలేదు. మాది గుంటూరు వైపు, ఇక్కడ నా అనేవాళ్ళు లేరు. బడి అయ్యాక నేరుగా యాదగిరి దుకాణానికి పోవడం, పరుపు మీద ఓ మూల కూర్చోవడం, టీ తాగుతూ రాబోయే బౌట్లలో ఎవరు గెలుస్తారో వాదించుకోవడం, ఇదే నా సంసారం. అతను ఎప్పుడూ బలం వైపు. నేను చాలావరకు ఒడుపు వైపు. చీరలు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు మా మాటలు విని, వీళ్ళెవర్ని కొట్టబోతున్నారో అని బెదిరి వెళ్ళిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

పోటీలు వస్తే మా ఇద్దరి మధ్యా మాట బంద్. అవి ముగిశాక మళ్ళీ మాట కలిపేది నేనే కావాలి. అది కూడా ఆచారమే. కోచ్ ముందుగా జడ్జి దగ్గరికొస్తే మార్కులు ఎందుకు తగ్గించావని నిలదీయడానికి వచ్చినట్టుంటుంది. అందుకని జడ్జే ముందు పోవాలి. ప్రతిసారీ నేనే పోయేవాణ్ణి. నేను మెట్లెక్కుతుండగానే యాదగిరి లోపల్నుంచి "రెండు టీ" అని కేకేసేవాడు.

షట్టర్

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోజు బస్సు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పిల్లలు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ధర్నాలు. మా బడిలో టీచర్ల గదిలో రెండు బల్లలు విడివిడిగా జరిగాయి. ఎవరూ జరపమని చెప్పలేదు. నేనున్న ఇంటి యజమాని చలపతిరావు గారు, ఆయనదీ మా వైపే, రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నన్ను హెచ్చరించేవాడు.

"మూర్తిగారూ, మీరలా వాళ్ళ కొట్లో కూర్చుని కబుర్లేంటండీ. రోజులు బాగోలేవు. రేపేదన్నా అయితే మనకెవరుంటారు?"

"యాదగిరి ఉంటాడండీ," అనేవాణ్ణి.

ఆయన నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసేవాడు.

యాదగిరి ఊరేగింపులకు పోయేవాడు, వాళ్ళ గల్లీ వాళ్ళతో కలిసి. నాతో దాచలేదు. "సారూ, ఇది మా పోరగాండ్ల నౌకరీల లొల్లి. నీకు నాకు ఏం లేదు," అన్నాడు ఒకసారి. ఏం లేదనే నేనూ అనుకున్నాను.

ఆ ఏడాది రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు మా ప్రాంతంలోనే పెట్టారు. ఆడపిల్లల విభాగంలో ఒక బరువుకి ఇద్దరే మిగులుతారని అందరికీ తెలుసు. ఒకమ్మాయి మమత, యాదగిరి శిష్యురాలు. వాళ్ళ నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. ఆ పిల్ల కూడా సెలవుల్లో బత్తాయి గోనెలు మోసేది. ఆమె గుద్దు తగిలితే హెడ్‌గార్డ్ లోపల కూడా ఎదుటిపిల్ల కళ్ళు తిరిగేవి. రెండో అమ్మాయి స్రవంతి, వనస్థలిపురం పిల్ల. వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోచింగ్ పిల్లలకి హాస్టల్ నడుపుతున్నాడు. స్రవంతి ఆట చూస్తే ముచ్చటేసేది. గుద్దు పెట్టిన చోట మళ్ళీ కనిపించేది కాదు. గెలిచిన అమ్మాయి రాష్ట్ర జట్టులోకి వెళ్తుంది. ఓడిన అమ్మాయికి వయసు దాటిపోతుంది, ఆ విభాగంలో ఇంకో అవకాశం లేదు.

డ్రాకి ముందు రోజు సాయంత్రం యాదగిరి దుకాణంలో కూర్చున్నాను. చీరలు మడతపెడుతూ అతను ఆగాడు.

"సారూ, ఎప్పటి లెక్క కాదు. నిజం చెప్పు. మా మమత, ఆ స్రవంతి. ఎవరు గెలుస్తరు?"

అప్పటిదాకా అతను నన్ను ఆ గొంతుతో అడగలేదు. నేనూ నిజంగానే చెప్పడం మొదలుపెట్టాను.

"స్రవంతి గెలుస్తుంది యాదగిరీ. మమత గుద్దులో బలం గురించి నాకు అనుమానం లేదు. కానీ మమత వెంటపడుతుంది. వెంటపడినంతసేపూ స్రవంతి తగిలించి పోతూనే ఉంటుంది, మీటలు నొక్కేవాళ్ళకి అవే కనిపిస్తాయి. అయితే..."

అంతలో మెయిన్ రోడ్డు వైపు నుంచి పెద్ద అరుపులు వినిపించాయి. ఊరేగింపు వస్తోంది, దాని వెనక పోలీసులు. ఎక్కడో అద్దం పగిలింది. పక్క దుకాణాల షట్టర్లు ఒకదాని తరువాత ఒకటి పడిపోతున్నాయి. బాష్పవాయువు పొగకి కళ్ళు మండడం మొదలైంది. యాదగిరి నా భుజం పట్టుకుని లేపాడు.

"సారూ, నువ్వు ఎనక గల్లీల నుంచి పో. మెయిన్ రోడ్డు మీదికి రాకు. జర జల్ది."

నేను వెనక తలుపులోంచి బయట పడ్డాను. దుకాణం షట్టర్ దిగిన చప్పుడు వీపు మీద పడినట్టు వినిపించింది. మర్నాడు పొద్దున్నే డ్రా తీశారు. మాట బంద్.

ఆ బౌట్

సొంత జిల్లా పిల్ల బయట జిల్లా పిల్లతో ఆడితే ఆ జిల్లా జడ్జి కూర్చోకూడదు; ఇక్కడ ఇద్దరూ మా జిల్లా పిల్లలే కాబట్టి నన్ను కూర్చోబెట్టడానికి నిబంధన అడ్డం రాలేదు. ఎర్ర కార్నర్‌లో మమత, వెనక యాదగిరి. నేను వాళ్ళకి సరిగ్గా ఎదుటి వైపు. చేతి మీద రుమాలు.

హాలు నిండిపోయింది. ఒక వైపు గడ్డిఅన్నారం మార్కెట్ వాళ్ళు, "మన పిల్ల, మన పిల్ల" అని అరుపులు. ఇంకో వైపు స్రవంతి వాళ్ళ హాస్టల్ పిల్లలు. అది ఇద్దరమ్మాయిల ఆట అన్న సంగతి ఆ ఇద్దరమ్మాయిలకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

గంట కొట్టారు. మొదటి నిమిషంలోనే నాకు ఏదో తేడా తెలిసింది. మమత వెంటపడటం లేదు. బాగుంది అనుకున్నాను. కానీ నిలబడటమూ లేదు. వేళ్ళ మీద గెంతుతోంది. ముందు చెయ్యి చాచి చిన్న చిన్నగా తాకించి వెనక్కి జరుగుతోంది. కుడి చెయ్యి, ఆ గోనెలెత్తిన చెయ్యి, గడ్డం దగ్గర అలాగే ఉండిపోయింది. ఆమె స్రవంతి ఆట ఆడుతోంది. స్రవంతి ఆట స్రవంతి కంటే బాగా ఎవరాడతారు?

మొదటి రౌండ్ అయ్యాక కార్నర్‌లో యాదగిరి ఆమెకి ముందు చెయ్యి చాచి చూపిస్తున్నాడు. తాకించు, వెనక్కి రా, తాకించు, వెనక్కి రా. నాకు అర్థమైంది. నిన్న నేను చెప్పిన సగం మాట అది. మీటలు నొక్కేవాళ్ళకి కనిపించేవి చిన్న గుద్దులే అన్నాను కదా. బలం వదిలేసి వాటిని ఏరుకురమ్మని పిల్లకి చెప్పాడు.

మిగతా సగం నా నోట్లోనే ఉంది. అయితే, మమత వెంటపడకుండా రింగు మధ్యలో పాతుకుని నిలబడితే, స్రవంతే దగ్గరికి రావాలి. పాయింట్లు కావాలంటే రాక తప్పదు. వచ్చిన ప్రతిసారీ కడుపులోకి ఒక్క గుద్దు. రెండు రౌండ్లు వెనకబడినా పరవాలేదు. మూడో రౌండుకి స్రవంతి కాళ్ళు ఆగుతాయి, ఆఖరిదైన నాలుగో రౌండు మమతది. నేను చెప్పబోయింది ఇది. ఇప్పుడు రింగుకి ఈ వైపు కూర్చుని, ఆ వైపు ఉన్న మనిషికి చెప్పలేక, స్రవంతి గుద్దు తగిలిన ప్రతిసారీ నీలం మీట నొక్కుతున్నాను. తగిలిందాన్ని తగల్లేదని ఎలా అంటాను?

ఆఖరి రౌండులో ఒక్కసారి మమత తనను తాను మర్చిపోయింది. కుడి చెయ్యి వదిలింది. స్రవంతి పక్కటెముకల కింద తగిలింది. చప్పుడు లేదు. స్రవంతి మోకాళ్ళు సడలడం నేను చూశాను. నా బొటనవేలు ఎర్ర మీట మీద పడింది. హాలు అరవలేదు, ఎందుకంటే వినిపించలేదు. ఇంకొక్కటి వేస్తే చాలు. మమత కార్నర్ వైపు చూసింది. యాదగిరి ముందు చెయ్యి చాచి చూపించాడు. ఆమె మళ్ళీ గెంతడం మొదలుపెట్టింది.

స్రవంతి గెలిచింది. నిజాయితీగా గెలిచింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. రెఫరీ నీలం కార్నర్ చెయ్యి పైకెత్తగానే వెనక నుంచి ఎవరో "ఆంధ్రా జడ్జీలు!" అని అరిచారు. ఇంకెవరో నోర్ముయ్యమన్నారు. నేను తల తిప్పలేదు. యాదగిరి వంగి మమత గ్లవ్స్ విప్పుతున్నాడు. తలెత్తి నా వైపు చూస్తాడేమో అని ఎదురు చూశాను. చూడలేదు.

ఎవరు ముందు

ఆచారం ప్రకారం నేనే పోవాలి. ఆ వారం పోలేదు. మొదట బంద్, తరువాత చలపతిరావు గారి మెట్ల మీది ఉపదేశం. "హాల్లో మిమ్మల్నేగా అన్నది? ఇప్పుడెళ్ళి ఆయన ముందు నిలబడతారా?" ఆయన మాటలు పట్టించుకోను అనుకున్నాను గానీ అవి లోపలికి పోయాయి. ఆ రోజు తలెత్తి చూడని యాదగిరి ముఖం నా కళ్ళ ముందే ఉంది. అతను నన్ను ఆంధ్రా జడ్జి అనుకున్నాడు. ఇన్నేళ్ళ టీలు, వాదనలు అన్నీ ఒక్క అరుపులో కొట్టుకుపోయాయి. కావాలంటే అతనే వస్తాడు, వచ్చి తిట్టినా సరే, అని ఇంట్లో కూర్చున్నాను. అతను రాలేదు. వారాలు నెలలయ్యాయి. నెలలయ్యాక ఏం ముఖం పెట్టుకుని పోతాం?

బడి నుంచి ఇంటికి పోవడానికి వేరే దారి పట్టాను. సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. బౌట్ల గురించి నాలో నేనే వాదించుకునేవాణ్ణి, యాదగిరి వైపు మాటలు కూడా నేనే అనేవాణ్ణి. అతను అన్నంత బాగా అనలేకపోయేవాణ్ణి. మామిడికాయల కాలంలో మార్కెట్ వాసన గదిలోకి వచ్చేది, హమాలీలను చూస్తే మమత గుర్తొచ్చేది.

రాష్ట్రం వచ్చిన రాత్రి దిల్‌సుఖ్‌నగర్ అంతా బాణసంచా. ఇంటి మీద నుంచి చూశాను. ఆ జనంలో యాదగిరి ఉంటాడు, అతని ముక్కు మీద గులాల్ ఉంటుంది అనుకున్నాను. కిందికి దిగి పోదామనిపించింది. చప్పట్లు కొట్టడానికి కాదు, అతన్ని చూడ్డానికి. దిగలేదు.

తరువాత మెట్రో స్తంభాలు లేచాయి. ఒకరోజు ధైర్యం చేసి ఆ గల్లీలోకి పోతే చీరల దుకాణం స్థానంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఎక్కడికి పోయారని అడిగితే ఆ కుర్రాళ్ళకి తెలియదు. యంత్రాలు కూడా పోయాయి, మార్కుల పద్ధతి మారింది. నేను రిటైరయ్యేదాకా అదే కుర్చీలో కూర్చున్నాను. పోటీలు ముగిశాక ముందుగా పోయి మాట కలపవలసిన మనిషి ఎవరూ లేకపోయారు.

మమత అడిగింది

రిటైరయ్యాక కొత్త జడ్జీలకి రెండు రోజుల శిక్షణ ఇమ్మని పిలిచారు. చాప మీద కూర్చున్నవాళ్ళలో ఒక బలమైన భుజాల మనిషి లేచి అడిగింది.

"సార్, బౌట్‌కి ముందు ఎవరు గెలుస్తరో జడ్జి మనసుల అనుకోవచ్చా?"

"అనుకోకుండా ఉండలేరు. కానీ గంట కొట్టగానే మర్చిపోవాలి."

"మరి పైకి అంటే?"

ఈ రెండో ప్రశ్నకి గొంతు గుర్తుపట్టాను. మమత. పెద్ద అంబర్‌పేట్‌లో ఒక బడిలో డ్రిల్లు టీచరుగా చేస్తోందట. భోజనాలప్పుడు పక్కకి పిలిచాను. ఏం అడగాలో తెలియక, యాదగిరి ఎలా ఉన్నాడని అడిగాను.

"బాగనే ఉన్నడు సార్. బడంగ్‌పేట్‌ల దుకాణం పెట్టిండు. నేను ఆ బౌట్ అయినంక శాన రోజులు ఆయనతోని మాట్లాడలే. నా ఆట నన్ను ఆడనియ్యలేదని కోపం. పెండ్లయినంక పోయి కలిసిన."

"నీ ఆట ఎందుకు మార్చాడు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీకు తెల్వదా సార్? ముందురోజు రాత్రి షెడ్డుకాడికి ఒచ్చి చెప్పిండు. మూర్తి సారు నువ్వు గెలువవు అన్నడు, ఆయన ఊకె అనడు, కుడి చెయ్యి మర్చిపో అన్నడు. నేను ఏడ్చిన. వినలే."



బడంగ్‌పేట్

శిక్షణ ముగిసిన మర్నాడే బస్సెక్కాను. దుకాణం చిన్నది, కొత్త కాలనీల మధ్య. యాదగిరి కౌంటర్ వెనక కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. ముక్కు మాత్రం అలాగే ఒరిగి ఉంది. నన్ను చూసి లేవలేదు.  తరువాత బయటికి చూసి, "రెండు టీ," అన్నాడు. కేక వెయ్యలేదు, మెల్లగా అన్నాడు. పక్క బండివాడికి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

టీ వచ్చింది. నేను అంతా ముందే తయారు చేసుకుని వచ్చాను.

"యాదగిరీ, ఆ రోజు నేను చెప్పింది పూర్తి కాలేదు. అయితే అన్నాను, షట్టర్ పడింది."

చెప్పాను. రింగు మధ్యలో నిలబడటం, కడుపులోకి గుద్దు, మూడో రౌండు, నాలుగో రౌండు. అతను టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని విన్నాడు.

"గిది నాకు తెల్వదా సారూ," అన్నాడు చివరికి. "నేను నేర్పిన పిల్ల. మధ్యల నిలవడి కడుపుల కొట్టుమని నెల రోజుల సంది అదే నేర్పుతున్న. ఆఖరు దినం నువ్వు స్రవంతి అన్నవ్. నా కండ్ల కంటె నీ మాట ఎక్కువ అనుకున్న. మార్చిన."

 అతను నన్ను నమ్మలేదని, ఆంధ్రావాడి కింద లెక్కగట్టాడని ఇన్నేళ్ళు ఒక్కణ్ణే కూర్చుని బాధపడ్డాను. అతను నన్ను నమ్మాడు. తన కళ్ళని కూడా కాదని నమ్మాడు. ఆ పిల్ల ఆట పోయింది అందువల్లే. దీనికంటే అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మరి బౌట్ అయ్యాక రాలేదేం?" అన్నాను.

"నేనెట్ల ఒస్త? జడ్జి ముందు రావాలె గదా. నువ్వు రాలే. ఇగ మా లొల్లి చూసి మనసు ఇరిగిందేమో, మేము పరాయోళ్ళమైనమేమో అనుకున్న. శాన దినాలు రెండో గ్లాసు పెట్టుమని చెప్పి మల్ల ఒద్దన్న."

ఇద్దరు ఆడవాళ్ళు చీరలు చూడ్డానికి వచ్చారు. అతను లేచి పరిచి చూపించాడు. నేను మూల కూర్చున్నాను, పాత పద్ధతిలో. వాళ్ళు వెళ్ళాక మాకు మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. బౌట్లు చూడటం అతను మానేశాడట. నేను లేచాను. గుమ్మం దాకా వచ్చి అన్నాడు.

"ఇప్పుడు నువ్వు జడ్జివి కాదు గదా సారూ. ఈపారి నేనే ఒస్త. ఆదివారం."

అతనికి నా ఇల్లు రాసిచ్చి వచ్చాను.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. గంట కొట్టకముందు జోస్యం చెప్పకండి. నోరు జారి చెప్పడం మొదలుపెడితే, ఎవరు అడ్డమొచ్చినా, పొగ బాంబులు పడినా, వెనక్కి పోయి మిగతా సగం చెప్పి రండి. బౌట్ అయ్యాక మాట కలపవలసింది మీరైతే, ఎవరేం అనుకుంటున్నారో ఇంట్లో కూర్చుని లెక్కలు వెయ్యకండి. రుమాలు చేతి మీదే కప్పుకోండి, మనసు మీద కాదు.

ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను. యాదగిరి రాలేదు. దుకాణంలో జనం వచ్చారేమో, దారి తెలియలేదేమో, మళ్ళీ మనసు మార్చుకున్నాడేమో అని మొదలుపెట్టి, ఆగిపోయాను. సోమవారం పొద్దున్నే బడంగ్‌పేట్ బస్సెక్కాను.